పొలం గట్టున వీధిదీపం: కాంతి కాలుష్య నియమాలలో వరి పైరు స్థానం

కృష్ణా పశ్చిమ డెల్టాలో సార్వా వరి కోతకు వచ్చే రోజులలో, ఊరి అంచున దీపస్తంభానికి ఎదురుగా ఉన్న మడిని పరిశీలిస్తే కొన్నిచోట్ల ఒక విశేషం కనిపిస్తుంది. మడి అంతా పసుపుబారి కంకులు వంగి ఉండగా, స్తంభం ఎదుట అర్ధచంద్రాకారంలో కొంత మేర పైరు పచ్చగా నిలిచి ఉంటుంది. అక్కడ కంకి ఆలస్యంగా వెలువడినది. కొన్ని దుబ్బులలో అసలు వెలువడకపోవచ్చు. రైతు దీనిని విత్తనంలోని కేళీలుగానో, గట్టు పక్కన యూరియా ఎక్కువ పడినందువల్లనో అనుకుంటాడు. అడగవచ్చిన విస్తరణ శాస్త్రవేత్త కూడా తలెత్తి స్తంభం వైపు చూడడం అరుదు.

చుండూరు వంటి మాగాణి గ్రామంలో ఇది ఆలోచించవలసిన విషయం. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో ఊరికీ పొలానికీ మధ్య బీడు భూమి లేదు. వీధి చివర కాలువ, కాలువ దాటితే మడి. కాబట్టి వీధికి వేసిన దీపం పొలానికి కూడా వేసినట్లే అవుతుంది. కాంతి కాలుష్యాన్ని గురించి ప్రపంచంలో వచ్చిన నియమాలలో ఎక్కువ భాగం ఖగోళశాస్త్రజ్ఞుల కోసమో, వన్యప్రాణుల కోసమో, నిద్రకు భంగం కలిగిన నగరవాసుల కోసమో రూపొందినవి. వాటిని యథాతథంగా తెచ్చి డెల్టా గ్రామానికి అన్వయిస్తే వరికి మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు సమాధానం మొక్క శరీరధర్మంలో వెతకాలి.

రాత్రిని కొలిచే మొక్క

పగటి పొడవును బట్టి మొక్క పూతకు వస్తుందన్న సంగతిని 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ స్పష్టపరిచారు. వారి ప్రయోగానికి ఆధారమైనది, గుంటూరు ప్రాంతానికి చిరపరిచితమైన పొగాకే. మేరీలాండ్ మామత్ అనే రకం వేసవిలో ఎంత ఏపుగా పెరిగినా పూయదు. పగలు కురచైనప్పుడు పూస్తుంది. ఇటువంటి వాటిని హ్రస్వదీప్తికాల మొక్కలన్నారు. 1938లో హామ్నర్, బానర్ మరొక అడుగు ముందుకు వేసి, మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదని, ఎడతెగని చీకటిని అని చూపారు. దీర్ఘరాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ రాత్రి మొక్క లెక్కలోకి రాదు.

ఈ వెలుగును గ్రహించే వర్ణద్రవ్యం ఫైటోక్రోమ్. సుమారు 660 నానోమీటర్ల ఎరుపు కాంతిని అది అత్యధికంగా గ్రహిస్తుంది. వరిలో ఫైటోక్రోమ్ బి ద్వారా అందిన సంకేతం, పూతను ప్రేరేపించే హెచ్‌డి3ఎ జన్యువును అణచివేస్తుందని జపాను శాస్త్రజ్ఞులు 2005లో నిరూపించారు. రాత్రి నడుమ పది నిమిషాల వెలుగుతోనే ఈ ఫలితం కనిపించినది. ఈ విషయం పాఠ్యపుస్తకాలలో ఉన్నదే అయినా, పొలం గట్టున నిలబడినప్పుడు గుర్తుకు రావడం లేదు.

ఉష్ణమండలంలో దీనికి మరింత ప్రాముఖ్యం ఉన్నది. చుండూరు అక్షాంశం వద్ద ఏడాదిలో అత్యధిక పగలు సుమారు 13 గంటలు, అత్యల్ప పగలు సుమారు 11 గంటల 10 నిమిషాలు. రెండింటి మధ్య తేడా రెండు గంటలు కూడా లేదు. సెప్టెంబరులో పగలు రోజుకు ఒక నిమిషం కంటే కొద్దిగా తక్కువ చొప్పున తగ్గుతుంది. ఇంత స్వల్పమైన మార్పును పసిగట్టి చిరుపొట్ట వేయవలసిన మొక్క సహజంగానే సూక్ష్మగ్రాహి అయి ఉంటుంది. అటువంటి మొక్కపై సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజాము ఆరు వరకు దీపం పడితే, దాని లెక్కలో పగలు ఇంకా తగ్గలేదు. జూన్ మాసం దాటలేదు.

అన్ని రకాలూ ఒకే తీరుగా స్పందించవు. ఏ కాలంలోనైనా దాదాపు అదే వ్యవధిలో కోతకు వచ్చే ఎం.టి.యు. 1010 వంటి స్వల్పకాలిక రకాలలో కాంతి స్పందన నామమాత్రం. అందుకే వాటిని దాళ్వాలోనూ వేయగలుగుతున్నారు. నాటు తేదీ ఏదైనా కార్తీకంలోనే కంకి వేసే పాత దీర్ఘకాలిక రకాలలో స్పందన తీవ్రం. నేటి దీర్ఘకాలిక రకాలు ఈ రెండింటి మధ్య వేర్వేరు మెట్లపై ఉన్నాయి. ఒకే దీపం కింద ఒక రకం ప్రభావితమై, పక్క మడిలోని మరో రకం ప్రభావితం కాకపోవడానికి కారణం ఇదే. రైతు అనుభవాలు పరస్పర విరుద్ధంగా వినిపిస్తే, మొదట అడగవలసినది రకం పేరు.

వరి ఒక్కటే కాదు. మినుము, సోయా చిక్కుడు ఈ కోవలోనివే. గోంగూర ఇంకా సున్నితమైనది; ఆలస్యంగా విత్తిన గోంగూర అడుగెత్తు పెరగకముందే పూతకు రావడం ఇంటి పెరటిలో ఎవరైనా చూడవచ్చు. చామంతి సాగుదారులు రాత్రివేళ బల్బులు వెలిగించి, పూతను కావలసిన తేదీ వరకు ఆపుతారు. ఆ ఉద్యాన రైతు డబ్బు ఖర్చుపెట్టి చేయించుకునే పని, వరి రైతుకు పంచాయతీ కరెంటుతో అడగకుండానే జరిగిపోతున్నది.

వెలుగు ఎంత దూరం పోతుంది

నిండు పున్నమి వెన్నెల నేలపై 0.1 నుంచి 0.3 లక్స్ వరకు ఉంటుంది. వరి వేల ఏళ్ళుగా దానితో సహజీవనం చేస్తున్నది. సమస్య కొన్ని లక్స్‌ల వద్ద మొదలవుతుంది.

ఒక లెక్క చూడవచ్చు. ఆరు మీటర్ల ఎత్తున, అన్ని దిక్కులకూ 1000 క్యాండెలాల తీవ్రతతో వెలుగునిచ్చే పెద్ద దీపం ఉన్నదనుకుందాం. సరిగ్గా దాని కింద నేలపై సుమారు 28 లక్స్ పడుతుంది. స్తంభానికి 12 మీటర్ల దూరంలో నేలపై పడేది 2.5 లక్స్, 24 మీటర్ల వద్ద 0.4 లక్స్. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. లక్స్ మీటరును నేలకు సమాంతరంగా పట్టుకుంటే వచ్చే అంకె ఇది. వరి ఆకు నిలువుగా ఉంటుంది. మీటరును దీపం వైపు నిలువుగా తిప్పితే అదే 12 మీటర్ల వద్ద 5 లక్స్ వస్తుంది, అంటే రెట్టింపు. రోడ్డు ఇంజనీరు కొలిచే వెలుగూ, మొక్క అందుకునే వెలుగూ ఒకటి కావు. గ్రామ వీధులలో సాధారణంగా ఉండే 20 వాట్ల ఎల్‌ఈడీ దీపానికి ఈ అంకెలలో మూడో వంతు తీసుకోవచ్చు; చౌరస్తాలలోని ఎత్తైన దీపాలకు, ధాన్యం మిల్లులు, గోదాముల ఫ్లడ్‌లైట్లకు ఇంతకు ఎంతో ఎక్కువ.

స్తంభానికి ఒక పక్క 15 మీటర్ల వ్యాసార్ధం గల అర్ధవృత్తాన్ని ప్రభావిత ప్రాంతంగా తీసుకుంటే అది సుమారు 350 చదరపు మీటర్లు, అంటే దాదాపు తొమ్మిది సెంట్లు. నలభై మీటర్లకొక స్తంభం చొప్పున కిలోమీటరు దారికి 25 స్తంభాలు. దారికి ఒక పక్కనే రెండు ఎకరాలకు పైన. గ్రామం మొత్తం సాగు విస్తీర్ణంలో ఇది అత్యల్పం. కానీ ఆ విస్తీర్ణం ఊరందరిలో సమానంగా పంచబడదు. దారి పక్క అర ఎకరం కౌలుకు చేస్తున్న రైతుకు తొమ్మిది సెంట్లంటే చేలో ఐదో వంతు.

నష్టం దిగుబడితో ఆగదు. డెల్టాలో కోత ఇప్పుడు యంత్రంతో సాగుతున్నది. యంత్రం పచ్చ కంకిని, పండిన కంకిని వేరు చేయదు. ధాన్యంలో పచ్చిగింజ కలిసి తేమ శాతం పెరిగితే కొనుగోలు కేంద్రంలో ధర వద్ద పేచీ తప్పదు. దీనికి తోడు, వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న పైరులో మినుము చల్లడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. కోత తేదీని బట్టి, నేలలో మిగిలిన తేమను బట్టి మినుము భవిష్యత్తు నిర్ణయమవుతుంది. పండని చంద్రవంక కోసం ఆగితే మిగతా మడిలో పదును పోతుంది. ఆగకపోతే ఆ ముక్క తాలు. రైతు ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటాడు, అది సరైన నిర్ణయమే.

పురుగుల సంగతి వేరు. వరిని ఆశించే కీటకాలలో ఒకదాని తెలుగు పేరులోనే దీపం ఉన్నది: పచ్చదీపపు పురుగు. దీపావళి రోజులలో ఇంటి దీపం చుట్టూ ముసిరే ఈ పురుగే టుంగ్రో వైరస్‌ను వ్యాపింపజేస్తుంది. కాండం తొలిచే పురుగు రెక్కల పురుగులు, సుడిదోమ కూడా వెలుగుకు వస్తాయి. ఈ గుణాన్ని ఉపయోగించుకునే దీపపు ఎరలను శాస్త్రజ్ఞులు సిఫారసు చేస్తున్నారు. దీపపు ఎరలో పురుగు పడి చనిపోవడానికి కింద నీటి పళ్ళెం ఉంటుంది. వీధిదీపం కింద పళ్ళెం లేదు. వచ్చిన పురుగు పక్క మడిలోకే దిగుతుంది. నారుమడిని వీధిదీపం దగ్గర పోయరాదన్నది ఎవరికైనా చెప్పదగిన, ఖర్చులేని సలహా.

నియమాలు ఎవరి కోసం పుట్టాయి

బహిరంగ దీపాలపై తొలి స్థానిక నియమాలలో ఒకటి 1958లో అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్ నగరం చేసినది. అక్కడి లోవెల్ వేధశాలకు అడ్డం రాకుండా వాణిజ్య ప్రకటనల సర్చ్‌లైట్లను నిషేధించారు. 2007లో స్లొవేనియా దేశవ్యాప్తంగా నియమాలు చేసినది. దక్షిణ కొరియాలో ప్రత్యేక చట్టం 2013లో అమలులోకి వచ్చినది. ఫ్రాన్సు 2018 డిసెంబరులో దీపాల వేళలను, కాంతి దిశను, రంగును నిర్దేశించినది. మన దేశంలో లడఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో చీకటి ఆకాశ ఉద్యానంగా అంతర్జాతీయ గుర్తింపు లభించినది.

తెలుగు నేలపై ఈ నష్టం చవిచూసినది జపాల్-రంగాపూర్. నిజామియా వేధశాల కొనసాగింపుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాదుకు దూరంగా అక్కడ 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పినది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ నుంచి పరిశీలించారు. నగరం పెరిగి, దాని వెలుగు ఆకాశమంతా పరుచుకోవడంతో రాత్రి పరిశీలనలకు ఆ స్థలం విలువ తగ్గినది. దీపాలపై నియమం లేని చోట దూరం ఎంతో కాలం కాపాడదని దీనివల్ల తెలుస్తుంది.

దేశంలో కాంతి కాలుష్యానికి ప్రత్యేక చట్టం లేదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కాలుష్యకారకాన్ని ఘన, ద్రవ, వాయు పదార్థంగా నిర్వచించినది. కాంతి ఈ మూడింటిలో ఏదీ కాదు. భారత ప్రమాణాల సంస్థ 2010లో ప్రచురించిన జాతీయ దీపన నియమావళి ఇంజనీరుకు మార్గదర్శి మాత్రమే. మరోపక్క 2014 హుద్‌హుద్ తుఫాను తరువాత విశాఖపట్నంలో మొదలై, ఎల్‌ఈడీ వీధిదీపాలు రాష్ట్రమంతటా గ్రామాల వరకు వ్యాపించాయి. విద్యుత్తు ఆదా అయినది, వీధులు నిజంగా వెలిగాయి. పాత దీపం సగం కాలం వెలగకపోయేది. కొత్త దీపం ప్రతి రాత్రీ తప్పకుండా వెలుగుతున్నది. పైరు దృష్టితో చూస్తే ఆ తేడా చిన్నది కాదు.

ఇక అసలు ప్రశ్న. ఈ నియమాలన్నిటిలో తరచుగా కనిపించే సూత్రాలు మూడు: అర్ధరాత్రి తరువాత దీపాలు ఆర్పడం, నీలి కాంతి తక్కువగా ఉండే పసుపు ఛాయ దీపాలు వాడడం, వెలుగు పక్కకు, పైకి పోకుండా కప్పు వేయడం.

మొదటిది నక్షత్రాలను చూసేవారికి మేలు. వరికి దాదాపు నిరుపయోగం. సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు దీపం వెలిగి తరువాత ఆరితే, మొక్క దృష్టిలో పగలు పదిహేడు గంటలు, రాత్రి ఏడు గంటలు. చిరుపొట్టకు రావలసిన పైరుకు అది ఏ మాత్రం చాలదు. రెండవది పురుగులకు, మనిషి కంటికి సంబంధించి మంచిదే. పసుపు ఛాయ దీపానికి కీటకాలు తక్కువగా వస్తాయి. కానీ ఫైటోక్రోమ్ గ్రహించేది ముఖ్యంగా ఎరుపును. పసుపు ఛాయ ఎల్‌ఈడీలో ఎరుపు భాగం తెల్లదీపంలో కంటె ఎక్కువే. దీపం రంగు మార్చి పైరును కాపాడామనుకోవడం పొరపాటు. మన గ్రామాలలో ఈ రెండు సూత్రాలే ముందుగా ప్రచారంలోకి వచ్చే అవకాశం ఉన్నది, ఎందుకంటే రెండూ ఒక మీటతోనో, ఒక కొనుగోలు ఆర్డరుతోనో అయిపోతాయి.

వరికి పనికివచ్చేది మూడవది. వెలుగు మడిలో పడకూడదు. పడిన తరువాత దాని వేళను, రంగును సవరించి ప్రయోజనం స్వల్పం. జపానులో రోడ్డు దీపాల వల్ల వరి కంకి ఆలస్యమవడాన్ని దశాబ్దాలుగా అధ్యయనం చేసి, పైరుకు హాని తక్కువ చేసే ప్రత్యేక ఎల్‌ఈడీ దీపాలను కూడా రూపొందించారు. అవి మన పంచాయతీకి చేరేలోపు రేకు ముక్క చేరుతుంది.

పంచాయతీ చేయగల పని

1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం నివాస ప్రాంతాలలో వీధులకు దీపాలు ఏర్పాటు చేయడం గ్రామ పంచాయతీ విధి. దీపం వేసే బాధ్యత ఉన్న సంస్థకు దానిని ఏ దిక్కుకు వేయాలో తీర్మానించే స్వేచ్ఛ కూడా ఉన్నది. తీర్మానం పెద్దది కానవసరం లేదు. పొలం వైపు ఉన్న ప్రతి దీపానికి ఆ వైపున లోపలి ముఖం తెల్లరంగు వేసిన రేకు తొడుగు బిగించాలి. దీపపు గిన్నెను ఏటవాలుగా కాక నేలకు సమాంతరంగా నిలపాలి. కొత్త స్తంభం వేయవలసి వస్తే దారికి పొలం వైపున కాక ఇళ్ళ వైపున వేయాలి. తొడుగు సరైన కోణంలో ఉంటే స్తంభం నుంచి మూడు నాలుగు మీటర్లు దాటిన మడిలో నేరుగా పడే వెలుగు ఆగిపోతుంది. రేకు తెల్లని ముఖం ఆ వెలుగులో కొంత భాగాన్ని దారిపైకే తిప్పుతుంది గనుక నడిచేవారికి కాస్త లాభమే.

తీర్మానంలో ఎక్కడా దీపం తీసివేయమన్న మాట ఉండరాదు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. పొలాన్ని ఆనుకొని ఉండే వీధులు చాలా గ్రామాలలో వ్యవసాయ కూలీల కాలనీలు. ఊరి నడిమి వీధుల తరువాత ఎంతో కాలానికి అక్కడికి దీపం చేరినది. డెల్టాలో వరి కోతల కాలం, రక్తపింజర, కట్లపాము సంచరించే కాలం ఒకటే. చీకటి దారిన చెప్పులు లేకుండా నడిచేది ఆ కాలనీవారే. పైరు పేరు చెప్పి వారి వీధి దీపం ఆర్పించే తీర్మానం ఏదైనా, శాస్త్రం పేరుతో వచ్చినా, అన్యాయం. తొడుగు విషయంలో రైతుకూ, కాలనీకీ పోటీ లేదు.

పంచాయతీ చేతిలో లేని దీపాలు కూడా ఉన్నాయి. తెనాలి–బాపట్ల రైలు మార్గం పక్క యార్డు దీపాలు రైల్వేవి. పెద్ద రహదారుల దీపాలు ఆయా శాఖలవి. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల కాపలా దీపాలు ప్రైవేటువి, రాత్రంతా వెలుగుతాయి. చెరువు గట్టుపై దీపం చెరువు వైపు వంగి ఉండాలనడంలో యజమానికి వచ్చే నష్టమేమీ లేదు. అడిగినవారు లేకపోవడమే కారణం. బాపట్ల సముద్రతీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ పిల్లలు వెలుగు ఉన్న దిక్కును సముద్రమనుకొని పాకుతాయి కాబట్టి, సూర్యలంక వైపు విడిది గృహాలకు ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి.

వేళ కూడా ముఖ్యం. జూలై, ఆగస్టులలో నాటిన దీర్ఘకాలిక వరికి చిరుపొట్ట నిర్ణయమయ్యేది ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో. వినాయక చవితి నుంచి దసరా వరకు పందిళ్ళ దీపాలు రాత్రంతా వెలిగేదీ అప్పుడే. పూర్వం కార్తీకంలో గుడి ధ్వజస్తంభానికి ఎత్తిన ఆకాశదీపం నూనె ప్రమిద. అది ఏ కంకినీ ఆపలేదు. పందిరి ఫ్లడ్‌లైటు ముఖం మడి వైపు లేకుండా చూడమని నిర్వాహకులకు చెప్పడానికి చట్టం అక్కరలేదు.

గుర్తించడం, కొలవడం

విద్యార్థులకు ఇది చక్కని క్షేత్ర అధ్యయనం. పచ్చని చంద్రవంక కనిపించినంత మాత్రాన దీపమే కారణమని తీర్మానించరాదు. గట్టు పక్క ఊటనీరు, నత్రజని అధికం, చెట్టు నీడ, టుంగ్రో, కేళీలు అటువంటి మచ్చలనే కలిగించగలవు. దీపం వల్ల వచ్చిన మచ్చకు ఒక గుర్తు ఉన్నది: దాని మధ్యలో చెట్టు బోదె, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె వంటివి దీపానికి అడ్డుపడిన చోట, వాటి రాత్రినీడ పడిన సన్నని చాళ్ళలో పైరు సకాలంలో కంకి వేసి ఉంటుంది. ఊటనీరు అటువంటి నీడను గీయదు.

స్తంభం నుంచి మడి లోపలికి ఒక సరళరేఖలో 2, 5, 10, 15, 20, 30 మీటర్ల వద్ద గడలు పాతి, ప్రతిచోటా నిర్దిష్ట సంఖ్యలో దుబ్బులను గుర్తించి, సగం కంకులు వెలువడిన తేదీని నమోదు చేయాలి. వెలుగును పైరు పైభాగపు ఎత్తున, మీటరు ముఖం దీపం వైపు ఉంచి, వెన్నెల లేని రాత్రి కొలవాలి. సెల్‌ఫోను అప్లికేషన్లు తక్కువ లక్స్‌ల వద్ద నమ్మదగినవి కావు. పోలిక కోసం అదే రకం, అదే నాటు తేదీ గల మడిలో దీపం లేని వైపున మరొక రేఖ ఉండాలి. కోత నాడు రెండు రేఖల నుంచి ధాన్యం తేమ, తాలు శాతం తీస్తే, రైతుకు జరిగిన నష్టం తేదీలలో కాక బస్తాలలో తెలుస్తుంది. పంచాయతీ సమావేశంలో చదవవలసినది ఆ అంకె.

తొడుగు బిగించడానికి అనువైన కాలం మే, జూన్. నారుమళ్ళు పోయకముందు, వానలు ముదరకముందు. అదే స్తంభం ఎదుట అదే రేఖలో మరుసటి సార్వాలో తిరిగి కొలిస్తే, అప్పటి కంకి తేదీలను ముందటి ఏడాదివాటి పక్కన ఉంచి చూడవచ్చు.